సౌదీలో ఇకామా పొడిగించుకునే ముందు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి సౌదీ వెళ్లిన మనవాళ్లు ముందుగా చూడాల్సింది ఇకామా (అక్కడ ఉండడానికిచ్చే నివాస అనుమతి) గడువు తేదీ. గడువు హిజ్రీలో (ఇస్లామిక్ క్యాలెండర్‌లో) రాసి ఉంటే మన క్యాలెండర్‌కి మార్చి చూసుకోండి. హిజ్రీ ఏడాది మన ఏడాదికంటే సుమారు 11 రోజులు తక్కువ. "ఇంకా టైముందిలే" అని పొరపడేది ఇక్కడే. ఒకరి మాట మీద ఆధారపడకుండా సౌదీ ప్రభుత్వ అబ్షర్ యాప్‌లో మీరే చూడండి.

పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడితే ముందు దాన్ని రెన్యువల్ చేయించాలి.

పేరు విషయంలో మన ప్రాంతం వాళ్లకి ఒక చిక్కుంది. తెలుగు అలవాటులో ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడిశా బడి సర్టిఫికెట్‌లో అది చివరికి పోవచ్చు. స్పెల్లింగ్ కూడా మారుతుంది. ప్రతి కాగితంలో పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందా అని అక్షరం అక్షరం సరిచూడండి. టెన్షన్ సగం తగ్గుతుంది.

ఇకామా ఫీజు యజమానే కట్టాలి, అది అక్కడి కార్మిక చట్టం. జీతంలో కోస్తామంటే ఒప్పుకోవద్దు. పాస్‌పోర్ట్ మీ దగ్గరే ఉండాలి.

సెలవుకి ఊరొచ్చినవాళ్లు రీ-ఎంట్రీ (తిరిగి సౌదీ వెళ్లే అనుమతి) గడువు, ఇకామా గడువు రెండూ చూశాకే తిరుగు టికెట్ కొనండి. విజిట్ వీసా మీద మాత్రం, ఎంత దగ్గరివాళ్లు చెప్పినా, పనికి వెళ్లకండి తమ్ముళ్లూ. ఇబ్బంది వస్తే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇంటి దగ్గరివాళ్లు కూడా ఫిర్యాదు పెట్టొచ్చు.