ఇంగ్లిష్ మాటను లైను చివర ఎక్కడ విరవాలి?

ఇంగ్లిష్‌లో టైప్ చేస్తున్నప్పుడు లైను చివర పెద్ద మాట పట్టకపోతే చేతికొచ్చిన చోట గీత పెట్టేయకండి, మెరియమ్ వెబ్‌స్టర్ లాంటి డిక్షనరీలో చూస్తే మాట మధ్యలో చుక్కలుంటాయి, అక్కడే విరవాలి. అర్థాన్ని బట్టి విరుద్దామంటే అన్నిసార్లూ కుదరదు. హెలికాప్టర్ గ్రీకు నుంచి 'హెలికో' (మెలి), 'ప్టెర్' (రెక్క) కలిసి పుట్టింది, పలకడం మాత్రం హెల్-ఇ-కాప్-టర్, విరవడమూ అలాగే. రికార్డ్ ఇంకా తమాషా: నామవాచకమైతే రెక్-ఆర్డ్, క్రియ అయితే రి-కార్డ్. స్ట్రెంగ్త్‌లో (strength) ఎనిమిది అక్షరాలున్నా ఒకటే సిలబుల్ (ఒక్క ఊపులో పలికే ముక్క), దాన్ని ముట్టుకోవద్దు. థెరపిస్ట్‌ని మొదటి మూడక్షరాల (the) తర్వాత విరిచారో, కింది లైన్లో 'రేపిస్ట్' (rapist) మిగులుతుంది, మీ ఇష్టం! ఎంఎస్ వర్డ్‌లో అయితే విరవాల్సిన చోట కంట్రోల్, హైఫన్ కలిపి నొక్కండి, మాట లైను చివరికొస్తేనే గీత ప్రింటవుతుంది.