కొండదారిలో హత్య, దొరకని హంతకుడు: తేలని కేసు గురించి ఊహించేవారు పాటించవలసిన పద్ధతి

కొండదారిలోనో అడవిబాటలోనో ఒక మనిషి హత్యకు గురై, చంపినవారెవరో తెలియనప్పుడు, ఆ కేసు గురించి వేలాది మంది మాట్లాడుకోవడం మొదలవుతుంది. అది ఆపమంటే ఆగేది కాదు, పూర్తిగా ఆపవలసిన అవసరమూ లేదు. ఎందుకంటే ఇటువంటి నేరాలు తేలడానికి బయటివారి సమాచారమే చాలాసార్లు దిక్కవుతుంది. ఇంట్లో జరిగిన హత్యకు ఇరుగుపొరుగు ఉంటారు, వీధిలో జరిగినదానికి కెమెరాలు ఉంటాయి. బాట మీద జరిగినదానికి మాత్రం ఆ పూట అటుగా నడిచిన పదిమందో ఇరవైమందో తప్ప సాక్షులు ఉండరు. వారిలో ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంటుంది, తమ దగ్గర ఉన్నది పనికొచ్చే ముక్క అన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు. కనుక ఊహాగానం ఇక్కడ రెండు రకాలుగా చెరుపు చేస్తుంది. ఎవరో ఒక అమాయకుడి పరువు తీయడం అందరికీ కనిపించే చెరుపు. ఆ పదిమంది జ్ఞాపకాన్ని తిరగరాయడం ఎవరికీ కనిపించనిది, నా దృష్టిలో అంతకంటే పెద్దది. ఈ రెండూ జరగకుండా ఒక కేసును ఎలా అనుసరించాలో, తెలిసినది ఎవరికి ఎలా చెప్పాలో కింద వివరిస్తున్నాను.

ఆ రోజు మీరు ఆ బాట మీద ఉంటే

వార్త కంటపడగానే దాన్ని చదవడం ఆపి, కాగితం తీసుకోండి. మిగిలినవన్నీ మరిచిపోయినా ఈ ఒక్కటి మరవకండి. ఇతరులు చెప్పినది విన్న తర్వాత మన జ్ఞాపకం మనది మాత్రమే కాదు. 1974లో ఎలిజబెత్ లోఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 150 మందికి కార్లు ఢీకొనే దృశ్యాన్ని చూపించి, కొందరిని ‘కార్లు గుద్దుకున్నప్పుడు’ ఎంత వేగంతో వెళ్తున్నాయని, మరికొందరిని ‘కార్లు నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు’ ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. వారం తర్వాత ‘పగిలిన అద్దం ముక్కలు చూశారా’ అని అడిగితే, మొదటి మాట విన్న 50 మందిలో 7 మంది, రెండో మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. ఆ దృశ్యంలో పగిలిన అద్దమే లేదు. ప్రశ్నలోని ఒక్క మాట అంత పని చేసినప్పుడు, ‘హంతకుడికి గడ్డం ఉందట’ అన్న మాటను రోజుకు ఇరవైసార్లు చదివినవారి జ్ఞాపకంలో, ఆ రోజు ఎదురైన మనిషికి గడ్డం మొలవడానికి ఎంతసేపు పడుతుంది?

రాసేటప్పుడు చూసినది వేరు, అనుకున్నది వేరు అన్న తేడా పాటించాలి. ‘ఒక మనిషి అనుమానాస్పదంగా కనిపించాడు’ అన్న వాక్యం దర్యాప్తు అధికారికి దాదాపు పనికిరాదు. దాని బదులు ఇలా రాయవచ్చు: ‘ఉదయం పదిన్నర దాటాక, రెండో చెక్కవంతెనకు కొంచెం ఇవతల, ఒక మగమనిషి ఎదురొచ్చాడు. నీలం జాకెట్, ముదురు రంగు టోపీ. వీపున సంచి లేదు. నేను పలకరిస్తే తల తిప్పకుండా వెళ్లాడు. చేతిలో కర్ర ఉందో లేదో గుర్తులేదు.’ ఇందులో అన్నిటికంటే విలువైనవి బహుశా చివరి మాటలే. గుర్తులేనిదాన్ని గుర్తులేదని రాసిన కాగితాన్ని, ఏడాది తర్వాత చదివినా నమ్మవచ్చు. వీపున సంచి లేకపోవడం కూడా చిన్న విషయం కాదు, ఎందుకంటే ఎనిమిది కిలోమీటర్ల దారిలో నీళ్లసీసా కూడా లేకుండా నడిచేవారు అరుదు. అయితే దాని అర్థమేమిటో మీరు తేల్చవద్దు, ఉన్నది ఉన్నట్టు రాసి వదిలేయండి.

సమయాన్ని అంచనాతో కాక ఏదో ఒక గుర్తుతో కట్టాలి. ఆ ఉదయం ఎవరికైనా ఫోన్ చేశారా, మెసేజ్ పంపారా, ఫొటో తీశారా, మీ చేతిగడియారం నడకను నమోదు చేసిందా అని వెదకండి. ఫొటో అసలు ఫైలులో తీసిన సమయం, చాలాసార్లు తీసిన చోటు కూడా దాగి ఉంటాయి. మెసేజింగ్ యాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరాలు సాధారణంగా రాలిపోతాయి కనుక, అసలు ఫైలును ఫోన్‌లో కదపకుండా ఉంచి, అధికారులు అడిగిన పద్ధతిలోనే ఇవ్వాలి. కెమెరా గడియారం తప్పు చూపిస్తుంటే సరిచేయకండి. సరైన సమయానికీ దానికీ ఎన్ని నిమిషాల తేడా ఉందో రాసుకుంటే చాలు. కారులో డ్యాష్‌క్యామ్ ఉంటే మాత్రం ఆలస్యం పనికిరాదు, అది పాత రికార్డింగుల మీదనే కొత్తవి రాసుకుంటూ పోతుంది. మెమరీ కార్డును వెంటనే బయటకు తీసి పక్కన పెట్టాలి. లొకేషన్ చరిత్రను కొంతకాలానికి దానంతటదే చెరిపేసే సెట్టింగు ఫోన్‌లో ఉంటే దానినీ ఆపాలి.

వెదుకుతున్న మనిషి వర్ణన మీకే సరిపోతే, అంటే ఆ రోజు నీలం జాకెట్ వేసుకుని ఆ వంతెన దగ్గర నడిచినది మీరే అయితే, భయపడి దాక్కోవడం కంటే ముందుగా వెళ్లి చెప్పడమే మేలు. దర్యాప్తులో సగం పని ఎవరెవరు కాదో తేల్చడమే. ఒకవేళ లాయరును వెంటబెట్టుకుని వెళ్తే అందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు.

రాసుకున్నది పోలీసులకు చెప్పిన తర్వాత మీ సమాచారానికి నమోదు సంఖ్య అడిగి రాసుకోండి. నెలలు గడిచినా కేసు తేలకపోతే మళ్లీ చెప్పండి. ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో, డెల్ఫై అనే చిన్న పట్టణం వద్ద మోనన్ హై బ్రిడ్జ్ నడకదారిలో 2017 ఫిబ్రవరి 13న ఇద్దరు బాలికలు హత్యకు గురయ్యారు. తాను ఆ రోజు ఆ దారిలో ఉన్నానని ఒక వ్యక్తి తొలి రోజుల్లోనే స్వయంగా ఒక వన్యప్రాణి విభాగపు అధికారికి చెప్పాడు. ఆ మాట నమోదైన కాగితం తప్పు పేరుతో ఫైళ్లలో చేరి, అయిదేళ్లకు పైగా అక్కడే ఉండిపోయింది. 2022లో ఫైళ్లు సర్దుతున్న ఒక స్వచ్ఛంద సేవకురాలి కంట అది పడింది, ఆ అక్టోబరులో అరెస్టు జరిగింది, 2024 నవంబరులో జ్యూరీ అతడిని దోషిగా తేల్చింది, డిసెంబరులో 130 ఏళ్ల శిక్ష పడింది. ఆ అయిదేళ్లూ బయట జనం వందల పేర్లు తవ్వుతూనే ఉన్నారు. జవాబు ఒక ఫైలులో నిద్రపోతోంది.

దూరం నుంచి అనుసరించేవారు

మీరు అక్కడ లేనివారైతే, మీ దగ్గర ఉన్నది సమాచారం కాదు, సమాచారం గురించిన మాటలు. వాటిని దర్యాప్తు సంస్థ తన పేరుతో చెప్పినవి, పత్రికలు పేరు చెప్పని వర్గాలను ఉటంకిస్తూ రాసినవి, ఈ రెండింటినీ కలిపి ఎవరో అల్లుకున్నవి అని మూడుగా విడదీసి రాసుకోవాలి. ఒక పుస్తకంలో మూడు పేజీలు కేటాయించి పది రోజుల పాటు రాసి చూడండి. మొదటి పేజీ నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోవడం, మూడోది నిండిపోవడం చూస్తే, ఆ కేసు గురించి మీకు ‘తెలిసినది’ ఎంతో అర్థమవుతుంది.

మొదటి పేజీ అంత చిన్నదిగా ఉండటానికి కారణముంది. హంతకుడికి తప్ప మరెవరికీ తెలియని ఒకటి రెండు వివరాలను దర్యాప్తు అధికారులు కావాలనే దాచిపెడతారు. దొంగ ఒప్పుకోళ్లను వడగట్టడానికి, నిజమైన సమాచారాన్ని గుర్తుపట్టడానికి అవే గీటురాయి. డెల్ఫైలో ఘటనా స్థలంలో దొరికిన, పేల్చని తూటా సంగతి 2022లో కోర్టు పత్రాలు బయటికి వచ్చేదాకా జనానికి తెలియదు. కనుక పోలీసులు మౌనంగా ఉంటే వారికి ఏమీ తెలియదని గానీ, ఎవరినో కాపాడుతున్నారని గానీ అర్థం చేసుకోకూడదు. ఆ వివరం ఏదో లీకయి మీ చేతికి వస్తే, దాన్ని పదిమందికి పంచడమంటే ఆ గీటురాయిని మీ చేతులతో పగలగొట్టడమే.

ఊహాచిత్రాల విషయంలో మరింత నిగ్రహం కావాలి. అది ఫొటో కాదు. ఒక సాక్షి జ్ఞాపకాన్ని ఒక చిత్రకారుడు మాటల మీదుగా పట్టుకున్న పోలిక. డెల్ఫై కేసులో 2017లో విడుదల చేసిన చిత్రంలోని మనిషికీ, 2019లో విడుదల చేసిన చిత్రంలోని మనిషికీ పోలికే లేదు, రెండో మనిషి చాలా చిన్న వయసువాడిగా కనిపించాడు. ఆ రెండు చిత్రాల పక్కన తమకు గిట్టని మనుషుల ఫొటోలు పెట్టి గీతలు గీసినవారికి ప్రతిసారీ పోలిక కనిపించింది. వెదికితే ఎవరి ముఖంలోనైనా కనిపిస్తుంది. ఊహాచిత్రం చూసి మీకు తెలిసిన మనిషి గుర్తొస్తే, ఆ మాట పోలీసుల సమాచార విభాగానికి చెప్పి అక్కడితో మరచిపోండి.

ఒక సిద్ధాంతం మనసులో బలపడితే దాన్ని మ్యాపు మీద పరీక్షించండి. బాట మీద జరిగిన నేరానికి ఉన్న సౌకర్యమేమంటే, దూరం, ఎత్తు, సమయం అబద్ధం చెప్పవు. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క నేటికీ వాడుకలో ఉంది: గంటకు 5 కిలోమీటర్లు, పైగా ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. ఫలానా వ్యక్తి ఉదయం తొమ్మిదింటికి కారు నిలిపి, 8 కిలోమీటర్ల దూరంలో 600 మీటర్ల ఎత్తున ఉన్న చోట పదిన్నరకు నేరం చేశాడని ఎవరైనా వాదిస్తే, ఆ లెక్క ప్రకారం అతడు అక్కడికి చేరడానికే రెండు గంటల ముప్పై ఆరు నిమిషాలు పడుతుంది. పరుగెత్తేవారు ఇంతకంటే వేగంగా వెళ్తారు, వర్షంలో అందరూ నెమ్మదిస్తారు కనుక దీనితో ఏ సిద్ధాంతమూ రుజువు కాదు. కానీ చాలా సిద్ధాంతాలు ఈ ఒక్క లెక్కకే కూలిపోతాయి. పరీక్షించడానికి మ్యాపు చాలు. స్వయంగా వెళ్లి పొదలు వెదికితే మిగిలిన ఆనవాళ్లను తొక్కేయడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

పేరు దగ్గర ఆగిపోవాలి

ఇక్కడ మినహాయింపులు లేవు. పోలీసులు ఒక మనిషిపై అధికారికంగా నేరం మోపేదాకా ఆ మనిషి పేరు, ఫొటో, ఉద్యోగం, ఇంటి వివరాలు రాయకూడదు. ‘పేరు చెప్పను గానీ ఆ ఊళ్లో ఫలానా పని చేసే ఆయన’ అన్న పొడుపుకథా వేయకూడదు. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ బాంబు పేలుళ్ల తర్వాత, అంతకు నెల ముందే కనిపించకుండా పోయిన ఒక కాలేజీ కుర్రాడిని ఫొటోల పోలికతో జనం నిందితుడిని చేసేశారు. అతడికి ఆ నేరంతో ఏ సంబంధమూ లేదు, కొద్ది రోజులకు అతడి మృతదేహం నదిలో దొరికింది. కొడుకు కోసం వెదుకుతున్న ఆ కుటుంబం, మధ్యలో ఆ తిట్లన్నీ భరించింది.

మేరీల్యాండ్ రాష్ట్రంలోని బెల్ ఎయిర్ వద్ద నడకదారిలో 2023 ఆగస్టులో ఒక మహిళ హత్యకు గురైనప్పుడు, జనం వేలు ముందుగా ఆమె స్నేహితుడి వైపే చూపింది. ఘటనా స్థలంలో దొరికిన డీఎన్‌ఏ మాత్రం లాస్ ఏంజెలెస్‌లో ఒక ఇంట్లో చొరబడి దాడి చేసిన మనిషిదని, రెండు వారాలు తిరగకముందే పోలీసులు ప్రకటించారు. ఆ మనిషి 2024 జూన్‌లో ఓక్లహోమాలో దొరికాడు, 2025 ఏప్రిల్‌లో దోషిగా తేలాడు.

మన సామెతలు కూడా ఇక్కడ తప్పుదారి పట్టిస్తాయి. ‘గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు’ అన్న సామెతను నమ్మి, ఎవరు ఏడ్వలేదో, ఎవరు ఎక్కువ ఏడ్చారో, ఎవరు విలేకరులకు ముఖం చాటేశారో లెక్క కడతారు. వేలాది మంది తన భుజాల వైపే చూస్తుంటే ఏ తప్పూ చేయనివాడు కూడా తడుముకుంటాడు. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్నదీ అంతే: అమెరికాలోని షెనాండోవా జాతీయ పార్కులో 1996లో శిబిరం వేసుకున్న ఇద్దరు మహిళలు హత్యకు గురైన కేసులో, అదే పార్కులో మరో మహిళపై దాడి చేసి జైలుకు వెళ్లిన వ్యక్తిపై 2002లో నేరం మోపారు. అంతకంటే దట్టమైన పొగ ఎక్కడ ఉంటుంది? 2004లో ఆ ఆరోపణలు ఉపసంహరించారు. 2024 జూన్‌లో ఎఫ్‌బీఐ, డీఎన్‌ఏ ఆధారంగా, ఒహాయోకు చెందిన మరో వ్యక్తిని హంతకుడిగా ప్రకటించింది. అతడు 2018లోనే జైలులో చనిపోయాడు. అధికారాలూ ప్రయోగశాలలూ ఉన్నవారే అంత పొరబడినప్పుడు, ఫోన్ తెర ముందు కూర్చున్నవారి నమ్మకానికి ఎంత విలువ కట్టాలో ఎవరికివారే చూసుకోవచ్చు.

మృతుల కుటుంబానికి మీ సిద్ధాంతాన్ని నేరుగా పంపకండి. వారు అడగలేదు.

ఇదివరకే ఒక పేరు రాసి ఉంటే, ఇప్పుడే తీసివేయండి. అయితే చప్పుడు చేయకుండా చెరిపేస్తే సగం పనే అవుతుంది, ఎందుకంటే చదివినవారి మనసులో ఆ పేరు ఉండిపోతుంది. ఎక్కడ రాశారో అక్కడే, ఆ పేరును మళ్లీ రాయకుండా, ‘ఇక్కడ ఒక వ్యక్తి గురించి నేను రాసినదానికి ఆధారం లేదు, తొలగించాను’ అని తేదీ వేసి పెట్టండి. మీ మాటను పట్టుకుని ముందుకు పంపినవారు మీకు తెలిసినవారైతే వారికీ విడివిడిగా చెప్పండి. నిజమైన నిందితుడు దొరికిన రోజున కాదు, ఆధారం లేదని మీకు తెలిసిన రోజునే.