ఇంటిని కొట్టుగా మారుస్తున్నారా? ముందు బయటపడే దారి ఇలా చేయండి

ఒడిశాలోని బరంపురం బడాబజారు, గిరి రోడ్డు పాత ఇళ్ళన్నీ ఒకే తీరు. వీధివైపు ఇరుకు, లోపలికి చాంతాడంత పొడుగు. రెండు పక్కల గోడలూ పక్కింటివాళ్ళతో ఉమ్మడి. అరుగు, నట్టిల్లు, వంటిల్లు, పెరడు, నుయ్యి అని ఒక కుటుంబం కోసం కట్టుకున్నవి. ఇప్పుడు అరుగు కొట్టేసి షట్టరు పెట్టారు. కింద చీరల షోరూము, మేడ మీద కోచింగ్ సెంటరో ల్యాబో. పర్లాకిమిడి, రాయగడ, జయపురంలోనూ ఇదే వరస. ఇలా ఇళ్ళని కొట్లుగా మార్చే పని ఏళ్ళుగా చేస్తున్నాను. ఓనర్లు మొదట అడిగేది టైల్స్ రంగు, తర్వాత ఫాల్స్ సీలింగు. మంటలొస్తే జనం ఎటు పోవాలని అడిగేవాళ్ళు చాలా అరుదు.

కాగితాల సంగతి ముందే తేల్చుకోండి. నివాసానికని ప్లాను తీసుకున్న ఇంట్లో వ్యాపారం పెట్టాలంటే వాడకం మార్పుకి అనుమతి కావాలి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు చేతికొచ్చినంత మాత్రాన ఫైర్ వాళ్ళ పని అయిపోయినట్టు కాదు. ఒడిశాలో అగ్ని నివారణకి 2017 నియమాలున్నాయి. మీ భవనానికి వాటి ప్రకారం ఏమేం కావాలో ఫైర్ స్టేషనుకి వెళ్ళి అడగండి. అడగాల్సింది అద్దె ఒప్పందం రాసుకోక ముందు, అడ్వాన్సు ఇచ్చేశాక కాదు. సిరొంచ, బల్లార్షా వైపు వాళ్ళకి మహారాష్ట్ర 2006 చట్టం వర్తిస్తుంది. అక్కడ అమర్చిన పరికరాలు పనిచేస్తున్నాయని లైసెన్సున్న ఏజెన్సీ చేత ఏటా జనవరిలో, జూలైలో ఫారం బి ఇప్పించాలి.

సామాను సులువు, డబ్బిస్తే దొరుకుతుంది. ప్రతి అంతస్తులో మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండరు, కరెంటు బోర్డు దగ్గర కార్బన్ డయాక్సైడుది. పౌడర్ సిలిండరు మీటరు ముల్లు పచ్చరంగులో ఉందో లేదో నెలకోసారి చూడండి. పొగ అలారాలు, కరెంటు పోయినా వెలిగే లైట్లు పెట్టించండి. వైరింగు పాతదైతే మొత్తం పీకేయండి, సగం పాత సగం కొత్త వద్దు. ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు విడిగా లాగండి, కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టండి. థర్మోకోలు, పీవీసీ సీలింగులు అసలు వద్దు. ఎంత అందంగా ఉన్నా వద్దు.

ఇక అసలు పని మెట్లు. అందరూ చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

పాత ఇంటి మెట్లు మూడడుగుల వెడల్పుంటే గొప్ప. 2016 జాతీయ భవన నిర్మాణ కోడు ప్రకారం ఇంటికి మీటరు చాలు. బడికి, ఆఫీసుకి, షాపుకి మీటరున్నర ఉండాలి, అంటే దాదాపు ఐదడుగులు. మెట్టు ఎత్తు ఇంట్లో 190 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు, ఇలాంటి చోట 150 దాటకూడదు. అంత తేడా ఎందుకంటే, ఇంట్లో దిగేది ఆ మెట్లు అలవాటైన నలుగురు. కోచింగ్ సెంటర్లో దిగేది ఒక్కసారిగా లేచిన అరవైమంది పిల్లలు. ముందున్న ఒకరు తూలితే చాలు, దారి మూసుకుపోతుంది.

వెడల్పు కంటే ప్రమాదమైంది ఇంకొకటుంది. ఇంట్లో మెట్లు నట్టింట్లోంచే లేస్తాయి, మధ్యలో తలుపుండదు. కింద అంటుకుంటే పొగ పైకెక్కే దారి అదే, మనుషులు దిగే దారీ అదే. మంట కంటే ముందు పొగ చేరుతుంది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో జరిగింది ఇదే. కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు, పైన లాడ్జి గదులు, 8 మంది పోయారు. 2025 మే 18న హైదరాబాద్ గుల్జార్ హౌజ్ దగ్గర కింద నగల కొట్లు, పైన కాపురం. ఇరుకు మెట్ల దారి ఒక్కటే. చిన్నపిల్లలతో సహా 17 మంది చనిపోయారు.

అందుకే మెట్ల చుట్టూ గోడ కట్టండి. ఇటుక గోడే కట్టండి, రెండు వైపులా పూత పూయించండి. ప్లైవుడ్డు పార్టిషను గోడ కిందికి రాదు, జిప్సం బోర్డు నేను ఒప్పుకోను. ప్రతి అంతస్తులో మెట్లలోకి అడుగుపెట్టే చోట మంటనీ పొగనీ ఆపే ఫైర్ డోరు బిగించండి. అది దానంతటదే మూసుకోవాలి, తోస్తే బయటికి పోయే వైపు తెరుచుకోవాలి. తెరిచిన రెక్క మెట్టు మీదికి వాలకుండా ముందు చప్టా వదలండి. ఈ తలుపు పెట్టించాక నెల తిరక్కుండా ఎవరో ఒకరు గాలి రావట్లేదని దానికి ఇటుక అడ్డం పెడతారు. ఆ ఇటుక రోజూ తీయించాల్సింది ఓనరే. మెట్లు వెడల్పు చేయాలని పాత సున్నపు గోడలు మాత్రం మేస్త్రి మాట మీద కొట్టించకండి. పై బరువు ఏ గోడ మోస్తోందో ఇంజనీరు చూసి చెప్పాలి.

మెట్ల కింద ఏమీ ఉండకూడదు. ఇన్వర్టరు, మీటరు బోర్డు, అట్టపెట్టెలు, ఛార్జింగుకి పెట్టిన స్కూటరు అన్నీ అక్కడే చేరతాయి. అంటుకునే సామానంతా తెచ్చి బయటపడే దారి మొదట్లోనే పేర్చినట్టు. మీటరు మార్పించడానికి కరెంటు ఆఫీసు చుట్టూ తిరగాల్సొస్తుందని బద్ధకించకండి.

ఇంత చేసినా అది ఒక్క దారే. రెండోది పెరటివైపు తీయాలి, ఎందుకంటే ఉమ్మడి గోడల ఇళ్ళకి పక్కల నుంచి దారి రాదు. మేడ నుంచి వెనక సందులోకి తిన్నటి ఇనుప మెట్లు దించండి. గుండ్రటి మెట్లు కొద్దిమంది వాడేచోట తొమ్మిది మీటర్ల ఎత్తు దాకా వేసుకోవచ్చని కోడు అంటుంది. చీర కట్టుకున్న ఆవిడ, చంకలో పిల్లతో, చీకట్లో ఆ మెట్లు దిగగలదా? కొందరు కాంట్రాక్టర్లు చోటు కలిసొస్తుందని అవే వేస్తున్నారు, పైగా ఇంకో అరడజను సిలిండర్లు గోడకి తగిలించి సరిపోయిందంటున్నారు. సిలిండరు వాడటం తెలిసిన కుర్రాడు ఆ పూట సెలవులో ఉంటే? దారికి సెలవుండదు. వెనక సందే లేకపోతే డాబా మీదుగా పక్కింటి డాబాకి దారి తీయండి, వాళ్ళతో కాగితం రాసుకుని.

వెనక తలుపుకి తాళం వద్దు, లోపలి గడియ ఒక్కటే. ఒక చీరల కొట్లో నేను వెనక తలుపు చూపించమంటే కుర్రాళ్ళు ముందు చీరల మూటలు జరిపారు, వెనక విరిగిన బొమ్మ ఒకటి, దాని వెనక తలుపు. గడియ తుప్పుపట్టి కదల్లేదు. సుత్తితో కొడితే ఊడి చేతికొచ్చింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. వానకి చెక్క ఉబ్బింది. ఆ కొట్లో సిలిండర్లు కొత్తవి, ఫైర్ ఎగ్జిట్ అని పచ్చబోర్డు కూడా వెలుగుతోంది.

ముందువైపు మేడ కిటికీలని కప్పేస్తూ ఫ్లెక్సీ, షీటు బోర్డులు కట్టకండి. పొగ బయటికి పోదు, నిచ్చెన వేసినా మనిషి దొరకడు. ప్రతి గదిలో ఒక కిటికీ గ్రిల్లుకి బందులు వేసి లోపలి నుంచి తెరుచుకునేలా చేయించండి.

పనంతా అయ్యాక రాత్రి కొట్టు మూసే వేళ మెయిన్ ఆపేయండి. పైనున్నవాళ్ళందర్నీ వెనక దారిన దిగమనండి, టార్చి లేకుండా. ఎక్కడ తడుముకుంటున్నారో, ఏది కాలికి తగులుతోందో మీకే తెలుస్తుంది. మూణ్ణెల్లకోసారి ఇలా చేయండి. కరెంటుతో నడిచే షట్టరుంటే చేత్తో ఎత్తే హ్యాండిలు ఎక్కడుందో కౌంటరు మీద కుర్రాడికి కూడా తెలియాలి.

చివరిగా కాపలా మనిషి సంగతి. కుర్రాడిని లోపల పడుకోబెట్టి బయట షట్టరుకి తాళం వేసుకుపోయే అలవాటు మన ఊళ్ళలో ఇంకా ఉంది. 2022 మార్చిలో సికింద్రాబాద్ భోయిగూడ తుక్కు గోదాములో మంటలు లేస్తే పైన నిద్రలో ఉన్న 11 మంది కార్మికులు చనిపోయారు. లోపల ఎవరినీ పడుకోనివ్వకండి. తప్పదంటే వెనక తలుపు పక్కన మంచం వేయించి, షట్టరు తాళంచెవి ఒకటి అతని దగ్గరే ఉంచండి. 101, 112 నంబర్లు, కొట్టు అడ్రసు ఒడియాలో, తెలుగులో అతని మంచం పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.