బయటికెళ్లే మెయిళ్లకు కాపీ పెట్టే ముందు జాగ్రత్తలు

మాదాపూర్ ఆఫీసులోని పోస్ట్‌ఫిక్స్ (మెయిళ్లు పంపే, అందుకునే సాఫ్ట్‌వేర్) సర్వర్‌లో ఆర్కైవ్, అంటే మెయిళ్ల కాపీలు దాచే ఏర్పాటు, ఆన్ చేసే ముందు ఇవి చూసుకోండి.

- కాన్ఫిగ్ ఫైలుకు బ్యాకప్ తీయండి.

- స్టాఫ్‌కు ముందే చెప్పండి. చెప్పకుండా వాళ్ల మెయిళ్లు దాచడం నా దృష్టిలో తప్పు.

- ఆల్వేస్_బీసీసీ (always_bcc) సెట్టింగ్ పెడితే వచ్చేవీ పోయేవీ అన్నీ కాపీ అవుతాయి. పంపేవే కావాలంటే సెండర్_బీసీసీ_మ్యాప్స్ (sender_bcc_maps) వాడండి.

- అసలు టెన్షన్ ఇక్కడే: పోస్ట్‌ఫిక్స్ 2.3 వెర్షన్ నుంచి, కాపీ ఆర్కైవ్‌కు చేరకపోయినా పంపినవారికి కబురు రాదు. కాపీలు అదే సర్వర్‌లోని లోకల్ మెయిల్‌బాక్స్‌లో దాస్తే, ఆ ఫైలు పరిమితి మార్చకపోతే 5,12,00,000 బైట్లే; అది నిండితే కాపీ చేరదు. అటాచ్‌మెంట్లకు అదెంత? పరిమితి పెంచండి, రోజూ లాగ్ చూడండి.

- హోల్డ్‌లో (మెయిళ్లను పంపకుండా ఆపి ఉంచే క్యూలో) పడిన మెయిల్ ఎవరో ఒకరు వదిలేదాకా కదలదు. శుక్రవారం సాయంత్రం ఆగిన కొటేషన్ సోమవారం దాకా అక్కడే ఉంటుంది. సెలవు రోజుల్లో ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి.