స్కాట్లాండ్ అల్లుని తాత ముత్తాతలను హన్మకొండల కూసొని ఎట్ల పట్టుకున్న

మా అక్క బిడ్డ చదువుకోవడానికని స్కాట్లాండ్‌ల డండీ అనే ఊరికి పోయి ఆడనే ఒక పిలగాన్ని చూసుకున్నది, ఇంట్ల లొల్లి అయింది, సల్లబడ్డది, అదంతా వేరే కథ. కానీ పెండ్లి హన్మకొండలనే కావాలె, మన పద్ధతిలనే కావాలె అని అక్క పట్టు పట్టేసరికి అయ్యగారు వచ్చి కూసొని ఫస్టు అడిగింది గోత్రం, తర్వాత ప్రవర. గోత్రం సంగతి ఆయనే తెంపిండు, తెల్వనోళ్ళకు కాశ్యప గోత్రం చెప్తరు కదా అని. ప్రవరకు మాత్రం మూడు పేర్లు కావాలన్నడు, ఫలానాయన మునిమనుమడు, ఫలానాయన మనుమడు, ఫలానాయన కొడుకు అని చదవాలె కదా. పిలగానికి ఫోన్ చేస్తే తాత పేరు దాక చెప్పి ఆగిండు. మేనమామను గదా, ఆ పని తెచ్చి నా మెడకేసిన్రు.

ఒక్క పేరు కోసం మొదలుపెట్టిన, నాలుగు నెలలు రాత్రిళ్ళు అదే పని అయింది. మీ ఇంట్ల గూడ అసొంటి అల్లుడో కోడలో ఉంటే పనికొస్తదని రాస్తున్న, ముఖ్యంగ నేను పైసలు పోగొట్టుకున్న కాడ మీరు పోగొట్టుకోవద్దని.

ముందుగాల ఇంటర్నెట్ ముట్టకండి. పిలగాని అమ్మకు చెప్పి ఇంట్ల పాత డబ్బాలు తీపియ్యండి. మన దగ్గర బీరువా అడుగున ట్రంకు పెట్టె ఉన్నట్టు వాళ్ళ దగ్గర బిస్కెట్ల రేకు డబ్బా ఉంటది, అండ్ల అన్ని కాగితాలు ఉంటయ్. మా అల్లుని తాత పెండ్లి సర్టిఫికెట్ అండ్లనే దొరికింది. స్కాట్లాండ్ పెండ్లి సర్టిఫికెట్ల పిల్లవాని తల్లిదండ్రులు, పిల్ల తల్లిదండ్రులు నలుగురి పేర్లు ఉంటయ్, తల్లుల పుట్టింటి ఇంటిపేరుతో సహా. అంటే అయ్యగారికి కావాల్సిన ముత్తాత పేరు ఒక్క సాయంత్రంల దొరికిపోయింది, పని ఆడికే అయిపోవాలె నిజానికి. కానీ ఆ కాగితం మీద ముత్తాత పని ఏందని రాసిన కాడ జూట్ మిల్లు అని కనవడ్డది, మా బాపు ఆజంజాహి మిల్లుల చేసిండు, ఇగ నాకు ఆగబుద్ధి కాలే.

ఇప్పుడు అసలు సంగతి. స్కాట్లాండ్‌ల పుట్టుక, పెండ్లి, చావు సర్కారు రిజిస్టర్ల ఎక్కియ్యడం 1855 జనవరి 1 నుంచి మొదలైంది. అవన్నీ స్కాట్లాండ్స్‌పీపుల్ అనే సర్కారు వెబ్‌సైట్ల ఉన్నయ్. అకౌంట్ ఉత్తగనే, పేరు కొట్టి లిస్టు చూసుడు గూడ ఉత్తగనే, కానీ రిజిస్టర్ పేజీ బొమ్మ తెరవాలంటే క్రెడిట్లు కొనాలె. అన్నీ తెరుచుకోవు గూడ, పుట్టుక అయితే 100 ఏండ్లు, పెండ్లి 75, చావు 50 ఏండ్లు దాటినయే ఆన్‌లైన్ల కనవడ్తయ్, అంతకన్న కొత్తవాటికి సర్టిఫికెట్ ఆర్డర్ పెట్టాలె, లేకుంటే ఎడిన్‌బరోల వాళ్ళ సెంటర్‌కు పోయి చూసుకోవాలె. అందుకే బిస్కెట్ డబ్బా ముఖ్యం అన్న, మొదటి రెండు తరాలు ఆన్‌లైన్ల దొరకవు.

అందరు పుట్టిన సర్టిఫికెట్ కాంచి మొదలుపెడ్తరు, నేను గూడ అదే చేసిన. నన్నడిగితే చావు కాంచి మొదలుపెట్టుండ్రి. ఎందుకంటే స్కాట్లాండ్ డెత్ పేజీల పోయినామె మొగని పేరే కాదు, ఆమె నాయిన పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు గూడ ఉంటది. పక్కనున్న ఇంగ్లండ్‌ల ఆ కాలపు డెత్ సర్టిఫికెట్ల ఇవి లేవు. ఒక్క పేజీ కొంటే ఒక తరం పైకి ఎక్కినట్టే. ఇంకోటి, పెండ్లయిన ఆడోళ్ళను పుట్టింటి పేరు మీద గూడ ఎతుక్కోవచ్చు. మిల్లుల నూలు వడికిన ముసలామె సచ్చిపోతే ఆమె తల్లి ఏ ఇంటి బిడ్డనో రాసి పెట్టిన్రు. మా నాయనమ్మ సంగతి జూడుండ్రి, పెండ్లయినంక అత్తగారింట్ల పేరు మార్చిన్రట, అసలు పేరేందో మా బాపుకే తెల్వది. 1954–55 ఖాస్రా పహాణీల తాత పేరు ఉన్నది, భూమి ఉన్నది గాబట్టి. నాయనమ్మ పేరు యాడ లేదు.

అయితే డెత్ పేజీని కండ్లు మూసుకొని నమ్మొద్దు. కింద చెప్పినోళ్ళ పేరు, వరుస ఉంటయ్. కొడుకో బిడ్డనో చెప్తే కొంత నయం, పక్కింటాయన చెప్తే పోయినోని అమ్మమ్మ ఇంటిపేరు ఆయనకేం తెలుస్తది, నోటికొచ్చింది చెప్పి ఉంటడు. పేజీ అంచుకు ఏమన్న గీత గీసి నోట్ రాసి ఉంటే అదిడువకండి, యాక్సిడెంట్ల పోయినా అనుమానంగ పోయినా తర్వాత విచారణ చేసి సరిచేసిన వేరే రిజిస్టర్ ఉంటది, దాని నంబర్ అది.

1855 సంవత్సరం పేజీ మీకు దొరికిందంటే లాటరీ తగిలినట్టే. ఆ మొదటి ఏడు ఎవడో మస్తు హుషారుగ ఫారం తయారు చేసిండు, పుట్టుక పేజీల తల్లిదండ్రుల వయసు, వాళ్ళు పుట్టిన ఊరు, పెండ్లి ఎప్పుడు యాడ అయింది, అంతకుముందు ఎంతమంది పిల్లలు, అన్నీ. రాసేటోళ్ళకు తల ప్రాణం తోకకొచ్చినట్టుంది, 1856కే చానా తీసేసిన్రు. తల్లిదండ్రుల పెండ్లి వివరం మళ్ళ 1861 నుంచి పెట్టిన్రు. అందుకే ఒకాయన పుట్టుక పేజీల ఏం లేకపోతే ఆయన అన్నదమ్ముల పుట్టుక జూడుండ్రి, 1861 తర్వాత పుట్టిన తమ్ముని పేజీల తల్లిదండ్రుల పెండ్లి తారీఖు దొరుకుతది.

పైసలు యాడ పోయినయో చెప్త. ఒకటే ఊరు, ఒకటే పేరు, రెండేండ్ల తేడాతో ముగ్గురు. నేను ఆగలేక ముగ్గురి పేజీలు కొన్న, ఒక్కటి గూడ మనది కాదు. సంగతి ఏందంటే వాళ్ళది గూడ మన లెక్కనే, తాత పేరు పెట్టుకునుడు. పెద్దకొడుకుకు నాయిన తరపు తాత పేరు, రెండోవానికి అమ్మ తరపు తాత పేరు, మూడోవానికి నాయిన పేరు. పెద్దబిడ్డకు అమ్మమ్మ పేరు, రెండో బిడ్డకు నాయనమ్మ పేరు, మూడో బిడ్డకు అమ్మ పేరు. అందరు కచ్చితంగ పాటించలేదు గానీ చానా ఇండ్లల్ల నడిచింది. ఇగ ఒక తాతకు ఐదుగురు కొడుకులుంటే ఆ ఐదుగురి పెద్దకొడుకులకు ఒకటే పేరు, మన దగ్గర ఒక్క ఇంట్ల నలుగురు రాజయ్యలు ఉన్నట్టు. ఈ పద్ధతి తెలిస్తే అదే దారి చూపిస్తది, పెద్దకొడుకు పేరు చూసి తాత పేరు అందాజ కట్టొచ్చు. కొనేముందు మాత్రం రెండు పేర్లు జోడించి ఎతుకుండ్రి, మొగని పేరు ఒక్కటే కొడితే వందలు వస్తయ్, పెండ్లాం పుట్టింటి పేరు గూడ కొడితే రెండు మూడుకు వస్తయ్. స్మిత్ అసొంటి ఇంటిపేరైతే ఇట్ల చేయకుంటే పనే కాదు, స్కాట్లాండ్‌ల అన్నిట్లకన్న ఎక్కువున్న ఇంటిపేరు అదే. మ్యాక్ అని మొదలయ్యే పేర్లు ఒకసారి మ్యాక్ అని, ఒకసారి ఎంసి అని రాస్తరు, రెండు తీర్ల ఎతకాలె. మ్యాక్ అంటే కొడుకు అని అర్థం, అది గూడ ఒక తీరు ప్రవరనే అనుకోండ్రి.

జనాభా లెక్కలు పదేండ్లకోసారి, పేర్లతో ఉన్నయి 1841 నుంచి 1921 దాక చూడొచ్చు, 1931ది ఇంక వందేండ్లు కాలే. 1841ల పదిహేనేండ్లు దాటినోళ్ళ వయసు ఐదు లెక్కన కిందికి గుండు కొట్టి రాసిన్రు, 39 అయితే 35 అని, అది నమ్మి పుట్టిన సంవత్సరం తీస్తే ఆగమైతరు. 1841, 1851 లెక్కలు కొన్ని ఫ్రీసెన్ అనే వెబ్‌సైట్ల ఉత్తగ చూడొచ్చు, ఫ్యామిలీసర్చ్ అనే వెబ్‌సైట్ల గూడ ఇండెక్స్ ఉత్తగనే, ముందు ఆడ దారి పట్టుకొని తర్వాతనే క్రెడిట్ ఖర్చు పెట్టుండ్రి. డండీ కోసం ఎతికేటప్పుడు జిల్లా పేరు ఒకకాడ ఫోర్ఫార్ అని, ఒకకాడ ఆంగస్ అని ఉంటది, రెండు ఒకటే.

ఇట్ల పోంగ పోంగ 1881 లెక్కల మా అల్లుని ముత్తాతకు తాత దొరికిండు, పుట్టిన ఊరు కాడ ఐర్లాండ్ అని ఉన్నది. మా అక్క బిడ్డకు చెప్తే నవ్వుడే నవ్వుడు. పిలగాడు తను పక్కా స్కాట్లాండోన్ని అని చెప్పుకుంట తిరుగుతడట. డండీల ఇది కొత్తేం కాదు, 1840ల ఐర్లాండ్‌ల ఆలుగడ్డ పంట కుళ్ళి కరువొచ్చినప్పుడు వేలమంది వచ్చి మిల్లులల్ల చేరిన్రు. జూట్ బెంగాల్ నుంచి ఓడలల్ల పోయేది, ఆడ నేసి సంచులు చేసేటోళ్ళు, పనోళ్ళల్ల ఎక్కువ ఆడోళ్ళే.

వెబ్‌సైట్‌తోని పేర్లు, తారీఖులు దొరుకుతయ్, అంతే. ఆ మనిషి యాడున్నడు, కిరాయి ఎంత కట్టిండు, పేపర్ల ఎప్పుడన్న పడ్డడా, ఇవన్నీ లోకల్ లైబ్రరీలనే. మన దగ్గర గ్రంథాలయం అంటే పోటీ పరీక్షల పోరగాళ్ళు కుర్చీ కోసం పొద్దుగాల ఆరింటికే లైన్ల నిలబడే జాగ, 1904ల హన్మకొండల పెట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం నుంచి చూసినా పుస్తకాలు, పేపర్లు చదివే కాడనే అనుకుంటం. ఆడ పెద్ద లైబ్రరీ అంటే దాంట్ల లోకల్ హిస్టరీ అని ఒక సెక్షన్, దానికి మనుషులు వేరే ఉంటరు. డండీల అయితే వెల్‌గేట్ అనే షాపింగ్ సెంటర్ల సెంట్రల్ లైబ్రరీ ఉన్నది, ఆడికి అక్క బిడ్డను శనివారం శనివారం తోలిన. వీడియో కాల్ల నేనిక్కడ, అదక్కడ. మనకు వాళ్ళకు ఎండకాలం నాలుగున్నర గంటలు, చలికాలం ఐదున్నర గంటల తేడా, ఇది గుర్తువెట్టుకోండ్రి.

ఆడ ఏం అడగాలె అంటే, మైక్రోఫిల్మ్ మీద పాత పేపర్లు, వాల్యుయేషన్ రోల్స్, డైరెక్టరీలు, ఓటర్ లిస్టులు, సమాధి రాళ్ళ మీది రాతలు ఎక్కిచ్చిన పుస్తకాలు. వాల్యుయేషన్ రోల్ అంటే మున్సిపాలిటీ ఇంటిపన్ను రిజిస్టర్ లెక్క, 1855 నుంచి ఏడాదికోటి, ఇల్లు ఎవలది, కిరాయికి ఎవలున్నరు, కిరాయెంత. జనాభా లెక్క పదేండ్లకొకసారైతే ఇది ఏటేటా, నడుమ ఎన్ని ఇండ్లు మారిన్రో తెలుస్తది. కాకపోతే ఏడాదికి నాలుగు పౌండ్ల లోపు కిరాయి ఇండ్లల్ల ఉన్నోళ్ళ పేరు రాయాలనే రూలు లేదు, అందుకే బీదోళ్ళు కనవడకపోతే ఊరు ఇడిసిపెట్టి పోయిన్రనుకోవద్దు. డైరెక్టరీలల్ల ఎక్కువ దుకాణపోళ్ళు, పనితనం ఉన్నోళ్ళు ఉంటరు, మిల్లు కూలీలు దొరికేది తక్కువ. పాత డైరెక్టరీలు నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ ఉత్తగనే ఆన్‌లైన్ల పెట్టింది, పాత మ్యాపులు గూడ. ఆ మ్యాపును ఇప్పటి శాటిలైట్ బొమ్మ మీద పెట్టి చూడొచ్చు, మావోళ్ళున్న గల్లీ ఇప్పుడు లేదు, రోడ్డు అయింది.

పేపర్ల సంగతి వేరే చెప్పాలె. డెత్ సర్టిఫికెట్ నుంచి తారీఖు పట్టుకొని ఆ వారం పేపర్లన్ని తిప్పమన్న. మూడో శనివారం నాలుగు లైన్ల వార్త దొరికింది, మిల్లుల మిషన్ల చెయ్యి పడి ఆస్పత్రికి తీస్కపోయిన్రని. పేరు, వయసు, ఇంటి గల్లీ, అన్నీ కలిసినయ్. ఆ నాలుగు లైన్లు బిడ్డ ఫోన్ల చదివితే నాకు మా బాపు యాదికొచ్చిండు, ఎడమచేతి రెండు వేళ్ళు కొసలు లేకుండె ఆయనకు. డండీల మిల్లు సైరన్లను బమ్మర్లు అంటరట. మా ఇంట్ల సైరన్ మోగితేనే అమ్మ పొయ్యి అంటిచ్చేది.

మీ తరపున పోయేటోళ్ళు లేకపోతే మెయిల్ పెట్టుండ్రి, జవాబిస్తరు, కానీ మెయిల్ రాసే తీరు ఉంటది. నేను ఫస్టు "ఈ కుటుంబం గురించి మీ దగ్గర ఏమున్నా పంపుండ్రి" అని రాసిన, అసొంటిదానికి వాళ్ళేం చేస్తరు పాపం, వాళ్ళ దగ్గర ఏమేం రికార్డులున్నయో ఆ లిస్టు పంపిన్రు. తర్వాత ఒక్క పేరు, ఒక్క గల్లీ, రెండేండ్ల లోపు తారీఖు, ఏ రిజిస్టర్ల చూడాలో రాసి అడిగిన, దొరికింది. ఒక్క మెయిల్ల ఒక్కటే ప్రశ్న. ఎతికినందుకు, కాపీలకు ఫీజు ఉంటదా అని ముందే అడుగుండ్రి.

మీ వాళ్ళది గ్లాస్గో అయితే మిచెల్ లైబ్రరీ, ఇది చానా పెద్దది, గ్లాస్గో సిటీ ఆర్కైవ్స్ ఆడనే ఉన్నది, బీదోళ్ళకు సర్కారు సాయం అడిగిన దరఖాస్తులు ఆడ ఉన్నయ్, అండ్ల ఒక్కొక్కల ఇంటి కథంత రాసి ఉంటది. ఎయిర్‌షైర్ దిక్కు అయితే కిల్మార్నాక్‌ల బర్న్స్ మాన్యుమెంట్ సెంటర్, బార్డర్ దిక్కు అయితే హాయిక్‌ల హెరిటేజ్ హబ్.

1855 కన్న ముందు చర్చి రిజిస్టర్లే దిక్కు. అన్నిట్లకన్న పాతది 1553 నుంచి, పెర్త్ దిక్కున్న ఎరల్ అనే ఊరిది. అండ్ల బొక్కలు మస్తు. 1783ల ఒక్కో ఎంట్రీకి మూడు పెన్నీల పన్ను పెట్టిన్రు, చానామంది ఎక్కియ్యకనే ఊకున్నరు, 1794ల తీసేసిన్రు. 1843ల చర్చి రెండుగ చీలింది, విడిపోయినోళ్ళ పిల్లల పేర్లు చానావరకు ఈ రిజిస్టర్ల ఉండవు. క్యాథలిక్ ఇండ్లయితే వాళ్ళ చర్చి రిజిస్టర్లు అదే సైట్ల వేరే ఉన్నయ్. పెండ్లి దొరకకపోతే పరేషాన్ కావద్దు, 1940 దాక ఆడ పాస్టర్ లేకుండ సాక్షుల ముందట మేం మొగడు పెండ్లాలం అంటే చట్టం ఒప్పుకునేది. ఊరెట్లుండేదో తెలుసుకోవాలంటే స్టాటిస్టికల్ అకౌంట్స్ చదువుండ్రి, 1790లల్ల ఒకసారి, 1834 నుంచి 1845 దాక ఇంకోసారి, ఊరూరి పాస్టర్లు రాసినయ్, పంటలు, కూలి రేట్లు, తాగుబోతుల మీద తిట్లు గూడ ఉంటయ్.

నేను మాత్రం ఐర్లాండ్ కాడ ఆగిన. 1922ల డబ్లిన్ల రికార్డుల ఆఫీసు కాలిపోయి మస్తు కాగితాలు పోయినయ్. క్యాథలిక్ రిజిస్టర్ల బొమ్మలు ఐర్లాండ్ నేషనల్ లైబ్రరీ సైట్ల ఉత్తగనే ఉన్నయ్ గానీ ఊరు పేరు తెల్వకుండ ఎతకలేం. డెత్ పేజీల ఊరు లేదు, ఒట్టిగ ఐర్లాండ్. సమాధి రాయి మీద ఏమన్న ఉన్నదేమో బిడ్డను చూడమన్న, వానకాలం అయినంక పోతా మామా అన్నది, ఆడ వానకాలం ఎప్పుడు అయిపోతదో నాకు తెల్వది.

ఆఖరికి ఒక ముచ్చట. పేర్లు అయ్యగారికి ఇంగ్లీషుల రాసియ్యకండి. ఆ దేశంల రాసేదొకటి పలికేదొకటి, మెంజీస్ అని రాసి మింగిస్ అంటరు, డాల్జీల్ అని రాసి డియెల్ అంటరు. పిలగానితోని మూడు పేర్లు వాయిస్ మెసేజ్ పెట్టిచ్చి, ఇని, తెలుగుల పెద్దగ రాసి, రెండు కాగితాలు చెయ్యుండ్రి. ఒకటి అయ్యగారికి, ఒకటి మీ జేబుల, ఎందుకంటే మా అయ్యగారు తనది పెండ్లికి ముందు రోజే పోగొట్టిండు.