ఇంటి ఫోటోలు – 4వ పాఠం: ప్రింటుకు ఇచ్చే ముందు

ఫోటోలను కంప్యూటర్‌లోకి దించడం, ఏడాది వారీగా సర్దడం, మరో హార్డ్‌డిస్కులో నకలు దాచడం గత పాఠాల్లో నేర్చుకున్నాం. ఇక వాటిలో కొన్నింటిని కాగితం మీదికి తెద్దాం. స్టూడియోలో యంత్రం ఎంత ఖరీదైనదైనా, మనమిచ్చిన ఫైలులో లేని వివరాన్ని నిజంగా తెచ్చిపెట్టలేదు. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం ఫైలు గురించే.

ముందు కాస్త లెక్క. డిజిటల్ ఫోటో అంతా పిక్సెళ్లనే చిన్న చిన్న రంగు చుక్కలే. అంగుళానికి 300 పిక్సెళ్లుంటే ప్రింటును చేతిలో పట్టుకుని దగ్గరగా చూసినా స్ఫుటంగా ఉంటుంది. 200కు తగ్గినా చాలామంది తేడా గుర్తుపట్టరు. 300 లెక్కన 6×4 అంగుళాల ప్రింటుకు 1800×1200 పిక్సెళ్లు, 12×8కి 3600×2400 పిక్సెళ్లు కావాలి. 12 మెగాపిక్సెళ్ల ఫోను ఫోటోలో దాదాపు 4000×3000 ఉంటాయి కాబట్టి రెండింటికీ ఢోకా లేదు.

చిక్కల్లా ఆ ఫోటో వాట్సాప్‌లో ప్రయాణించినప్పుడే వస్తుంది. మామూలుగా పంపితే అది పొడవు వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. 6×4 ప్రింటులో ఇది పెద్దగా తెలియదు. అదే ఫైలును 12×8కి సాగదీస్తే అంగుళానికి 133 పిక్సెళ్లే మిగులుతాయి. పట్టుచీర జరీ, జుట్టు పోగులు అలుక్కుపోతాయి. స్టూడియోకు వాట్సాప్‌లోనే పంపక తప్పకపోతే ఫోటోగా కాకుండా ‘డాక్యుమెంట్’గా జతచేయండి, ఫైలు ఉన్నదున్నట్టు చేరుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వడం ఇంకా నయం. స్క్రీన్‌షాట్ మాత్రం ఎప్పుడూ ఇవ్వవద్దు.

రెండో సంగతి ఆకారం. ఫోను ఫోటోల పొడవు వెడల్పులు సాధారణంగా 4:3 నిష్పత్తిలో ఉంటాయి, 6×4 కాగితానిది 3:2. అడ్డంగా తీసిన ఫోటోను ఆ కాగితం నిండా ప్రింటు చేస్తే ఎత్తులో తొమ్మిదో వంతు పోతుంది. పెళ్లి గ్రూపు ఫోటోలో వెనక వరుసవారి తలలు తెగేది ఇక్కడే. ఎక్కడ కోయాలో యంత్రానికి వదిలేయకండి. ఫోనులోని క్రాప్ పనిముట్టులో 3:2 ఎంచుకుని మీరే కోయండి, అదీ నకలు మీదే. అసలు ఫైలును ముట్టుకోవద్దు.

ఇంట్లో పెద్దవారు పోయాక గోడకు పటం కట్టించాల్సి వచ్చినప్పుడు చాలా కుటుంబాలు ఏదో గ్రూపు ఫోటోలోంచి ఆ ముఖాన్ని కత్తిరించి ఇస్తాయి. అందులో ముఖం వెడల్పు 300 పిక్సెళ్లు ఉందనుకుందాం. పటంలో దాన్ని 6 అంగుళాలకు పెంచితే అంగుళానికి 50 పిక్సెళ్లే. ఆ తర్వాత స్టూడియోవారు నునుపు చేసి, రంగులద్ది ఇచ్చే ముఖం మన మనిషిలా ఉండదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. అమ్మానాన్నలను, తాతయ్యలను, అమ్మమ్మలను ఇప్పుడే కిటికీ పక్కన, పగటి వెలుగులో కూర్చోబెట్టి, ముఖం, భుజాలు నిండుగా వచ్చేలా తీయండి. అపశకునమని జంకవద్దు. నవ్వుతూ కూర్చున్న మనిషిని తీస్తున్నారు, అంతే.

ప్రింటు సాధారణంగా తెరపై కన్నా కొంచెం చీకటిగా వస్తుంది, ఎందుకంటే తెర తానే వెలుగుతుంది, కాగితం వెలగదు. ఫోను వెలుగును సగానికి తగ్గించి చూసి, ముఖాలు నల్లబడితే ఫోటో నకలులో వెలుగును కాస్త పెంచండి. ఆల్బమ్‌లో పదే పదే తిరగేసేవాటికి మ్యాట్ (మెరుపు లేని) కాగితం మేలు. గ్లాసీ (మెరిసే) కాగితం మీద వేలిముద్రలు పడతాయి.

అభ్యాసం: అయిదు ఫోటోలు ఎంచుకోండి. ఒక్కొక్కదాని వివరాల్లో పిక్సెళ్లు చూసి, పొడవు వైపు అంకెను 300తో భాగించండి. వచ్చినదే అది దిగులు లేకుండా ప్రింటు చేయించుకోగల పొడవు, అంగుళాల్లో. వాటిలో ఒకదాన్ని 6×4లో తీయించి తెచ్చుకోండి. ఆ ప్రింటు వెనక పేర్లు, తేదీ ఏ కలంతో రాయాలో, ఆల్బమ్‌లో ఎలా అమర్చాలో అయిదో పాఠంలో చూద్దాం.