నవోదయ ఆరో తరగతి ప్రవేశం: కోటాలు, ధ్రువపత్రాలు, దరఖాస్తులో దొర్లే తప్పులు

నవోదయలంటే కేంద్ర ప్రభుత్వం నడిపే వసతి బడులు. వాటి ప్రవేశ పరీక్ష అనగానే అందరి చూపూ బిట్ల పుస్తకం మీదికే పోతుంది. మార్కులు రావాల్సిందే, అందులో అనుమానం లేదు. కానీ పల్లె బడి నుంచి వచ్చే పిల్లకు సీటు పోయేది పరీక్ష హాల్లోనే కాదు. మూడో తరగతిలో ఏ బడిలో కూర్చుంది, ఐదో తరగతిలో హెడ్మాస్టరు ఏమని రాసిచ్చారు, ఆధార్లో పుట్టిన తేదీ ఎలా ఉంది అన్నవాటి దగ్గర కూడా పోతుంది. ప్రాథమిక పాఠశాల టీచర్లకూ, పిల్లల చేత దరఖాస్తు పెట్టించే ఊరి యువకులకూ, తల్లిదండ్రులకూ ఎక్కువగా పనికొచ్చేది ఈ భాగమే.

సీట్లు ఎలా పంచుతారు

ఒక్కో నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. పల్లెల్లోని చురుకైన పిల్లలకు, ఇంటి ఆర్థిక స్థితి అడ్డు రాకుండా మంచి చదువు అందించాలని 1986 జాతీయ విద్యా విధానం ఈ విద్యాలయాలను తలపెట్టింది. అందుకే మార్కుల జాబితా ఒకటి వేసి పై నుంచి 80 మందిని తీసుకుని ఊరుకోరు.

కనీసం 75 శాతం సీట్లు, అంటే 80లో 60, గ్రామీణ పిల్లలవి. మిగిలిన 20కి పట్టణ పిల్లలతో పాటు గ్రామీణ పిల్లలూ పోటీ పడొచ్చు. ఎస్సీ, ఎస్టీలకు ఆ జిల్లా జనాభాలో వాళ్ల వాటాను బట్టి సీట్లు ఇస్తారు. ఆ వాటా ఎంత తక్కువగా ఉన్నా ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం కన్నా తగ్గనివ్వరు. రెండూ కలిసి 50 శాతం దాటనివ్వరు. కేంద్ర జాబితాలోని ఓబీసీలకు 27 శాతం. మొత్తం సీట్లలో కనీసం మూడో వంతు అమ్మాయిలకు. దివ్యాంగులకు కేంద్ర నిబంధనల ప్రకారం ఇస్తారు.

ఎస్సీ, ఎస్టీల జనాభా తక్కువున్న జిల్లాలో ఎస్సీలకు 12, ఎస్టీలకు 6, ఓబీసీలకు 22 దాకా వస్తాయి. ఉమ్మడి ఖమ్మం జిల్లా లెక్క వేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఎస్టీలు 27 శాతం పైనే, కాబట్టి దామాషా ప్రకారం వాళ్లకే 20కి పైగా సీట్లు రావాలి. ఇవన్నీ కూడితే 80 దాటుతోందేమిటని కంగారు పడొద్దు. గ్రామీణ, బాలికల సీట్లు విడిగా ఎక్కడో ఉండవు, అన్ని కేటగిరీల లోపలే ఉంటాయి. పల్లె బడిలో చదివిన ఎస్సీ అమ్మాయికి ఒక సీటు వస్తే అది మూడు లెక్కల్లోకీ వెళ్తుంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలు మెరిట్ మీద ఓపెన్‌లో సీటు తెచ్చుకుంటే కోటాలోంచి తగ్గించరు. కాబట్టి ‘మా వాడికి మార్కులు బాగా వస్తాయి, కేటగిరీ ఎందుకులే’ అని జనరల్ అని పెట్టడం వల్ల ఎవరికీ లాభం లేదు.

గ్రామీణ కోటా బడిని బట్టే

అందరూ తడబడేది ఇక్కడే. కాపురం పల్లెలో, బడి పట్నంలో అయితే పిల్ల పట్టణ అభ్యర్థే. మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని బడిలో చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ బడిలో చదివినా పట్టణం కిందే లెక్క. నిబంధనలో ఉన్నది ఇదే, ఏ అధికారీ సొంతంగా పెట్టింది కాదు.

ఏది పట్టణమో ప్రభుత్వ నోటిఫికేషన్ చెబుతుంది. దరఖాస్తు చేసే నాటికి ఆ ప్రాంతం దేని కింద ఉందో చూస్తారు. తెలంగాణలో 2018లో చాలా పంచాయతీలు మున్సిపాలిటీలయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లోనూ నగర పంచాయతీలు వచ్చాయి. చూడటానికి పొలాలూ గేదెలూ ఉన్న ఊరే అయినా కాగితం మీద పట్టణం కావచ్చు. బడి ఏ స్థానిక సంస్థ పరిధిలో ఉందో పంచాయతీ కార్యదర్శినో మున్సిపల్ ఆఫీసునో అడిగి, ఆ తర్వాతే ఫారంలో టిక్కు పెట్టండి. ప్రభుత్వం దగ్గరుండే బడుల సమాచార పట్టిక యూడైస్‌లో మీ బడి గ్రామీణం అని ఉందా పట్టణం అని ఉందా అన్నదీ చూడండి. రెండూ పొసగకపోతే హెడ్మాస్టరు ముందుగానే మండల విద్యాశాఖాధికారికి రాసి సరిచేయించుకోవాలి. ఫలితాలొచ్చాక దిద్దుబాటు మొదలుపెడితే అందుకోలేరు.

ఈ నిబంధనలో ఒక లోటు ఉంది. బడి ప్రభుత్వానిదా ప్రైవేటుదా అని అది చూడదు. పట్నం అంచున పంచాయతీ స్థలంలో కట్టి, బస్సుల్లో పట్నం పిల్లల్ని తెచ్చుకునే స్కూలు కూడా గ్రామీణమే. పనుల కోసం ఆర్నెల్లు బస్తీకి పోయిన కూలీల బిడ్డ అక్కడి సర్కారు బడిలో చేరితే మాత్రం పట్టణం. వలసలు ఎక్కువున్న పాలమూరు, కర్నూలు, అనంతపురం పల్లెల టీచర్లు మూడో తరగతి నుంచే ఇది గుర్తుపెట్టుకోవాలి. తల్లిదండ్రులు పనులకు బయల్దేరే ముందు పిల్లను సీజనల్ హాస్టల్లోనో తాత, అమ్మమ్మల దగ్గరో ఉంచి, అదే బడిలో ఏడాది పూర్తి చేయించండి. మధ్యలో పేరు తీసేస్తే ‘పూర్తి విద్యా సంవత్సరం’ అన్న షరతు కూడా తప్పుతుంది.

దీనికి తలకిందులుగా జరిగే వ్యవహారం కూడా ఉంది. పేరు పల్లె బడి రిజిస్టర్లో, పిల్ల పట్నం కోచింగులో. గుర్తింపు లేని స్కూలు తన పిల్లల్ని గుర్తింపు ఉన్న ఇంకో స్కూలు పేరు మీద చూపించడమూ ఇలాంటిదే. చేర్చుకునేటప్పుడు పరిశీలనలో దొరికితే సీటు రద్దవుతుంది. అసలు నష్టం నిజంగా ఆ ఊరి బడిలో మూడేళ్లు చదివిన ఇంకో పిల్లకు. అలాంటి ధ్రువపత్రం మీద సంతకం పెట్టమని ఎవరు ఒత్తిడి చేసినా హెడ్మాస్టరు పెట్టకూడదు.

జిల్లా, వయసు, ఒకే అవకాశం

పిల్ల నివాసమూ ఐదో తరగతి చదివే బడీ ఒకే జిల్లాలో ఉండాలి, ఆ జిల్లా నవోదయకే దరఖాస్తు చేయాలి. తెలంగాణ 33 జిల్లాలయింది, ఆంధ్రప్రదేశ్ 2022లో 26 అయింది, మరి మాది ఏ నవోదయ అన్న అయోమయం ఉంటుంది. కొత్త జిల్లాలో ఇంకా నవోదయ తెరవకపోతే పాత జిల్లా సరిహద్దులే లెక్క. తెరిస్తే కొత్త జిల్లాదే. 2024 డిసెంబరులో కేంద్రం తెలంగాణకు మరో 7 నవోదయలు మంజూరు చేసింది. కాబట్టి అన్నయ్య చదివిన చోటికే తమ్ముడూ పోతాడని అనుకోకుండా, ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో మీ జిల్లా పేరు చూసుకోండి.

పుట్టిన తేదీల పరిధి ఏటా ప్రకటిస్తారు. 2026–27 ప్రవేశాలకు అది 2014 మే 1 నుంచి 2016 జులై 31 వరకు. ఎస్సీ, ఎస్టీలతో సహా ఎవరికీ సడలింపు లేదు. బడిలో చేర్చేటప్పుడు తోచిన తేదీ రాయించి, ఆధార్‌కు ఇంకో తేదీ ఇచ్చిన ఇళ్లు చాలానే ఉంటాయి. జనన ధ్రువపత్రం, ఆధార్, అడ్మిషన్ రిజిస్టర్ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే నాలుగో తరగతి సెలవుల్లోనే సరిచేయించాలి.

ఆరో తరగతి పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు. నాలుగో తరగతి పిల్లను ‘అలవాటు కోసం’ ఐదని చూపించి రాయించడం తప్పు, పైగా ఉన్న ఒక్క అవకాశం కాస్తా పోతుంది. తర్వాత తొమ్మిదిలో, పదకొండులో ఖాళీలుంటే వేరే పరీక్ష ఉంటుంది కానీ ఆ సీట్లు కొన్నే.

బీసీ వేరు, ఓబీసీ వేరు

మన రాష్ట్రాల బీసీ–ఏ, బీ, సీ, డీ, ఈ జాబితా నవోదయకు చెల్లదు. కేంద్ర ఓబీసీ జాబితాలో ఆ కులం ఉండాలి. రాష్ట్రంలో బీసీ అయి కేంద్ర జాబితాలో లేని కులాలున్నాయి, వాళ్లు జనరల్‌గానే దరఖాస్తు చేయాలి. ఉన్నవాళ్లు తహసీల్దారు నుంచి కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ ధ్రువపత్రం తీసుకోవాలి. మీ సేవలో గానీ సచివాలయంలో గానీ ‘కుల ధ్రువపత్రం కావాలి’ అంటే రాష్ట్ర నమూనా చేతిలో పెడతారు, అది పట్టుకుని నవోదయకు వెళ్తే వెనక్కి పంపుతారు. అడిగేటప్పుడే కేంద్ర ఓబీసీ అని చెప్పండి.

ధ్రువపత్రాలు చూసేది ఎంపికయ్యాకే. కానీ ఏజెన్సీ గూడేల్లో అప్పుడు మొదలుపెడితే విచారణకే వారాలు పడుతుంది. దరఖాస్తు పెట్టిన నెలలోనే దాని పని కూడా చూడండి. దివ్యాంగ పిల్లలకు 40 శాతం, ఆపైన ఉన్న సదరం ధ్రువపత్రం కావాలి. ఫారంలో ఆ గడి నింపితేనే పరీక్షలో 40 నిమిషాల అదనపు సమయం వస్తుంది.

ఫారం నింపేటప్పుడు

దరఖాస్తు నవోదయ విద్యాలయ సమితి వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌లోనే, పూర్తిగా ఉచితం. నెట్ సెంటర్‌లో తీసుకునేది వాళ్ల కూలి, పరీక్ష ఫీజు కాదు. ముందు సైట్ నుంచి ధ్రువపత్రం నమూనా ప్రింటు తీసి, హెడ్మాస్టరు చేత మూడు తరగతుల వివరాలూ రాయించి సంతకం, ముద్ర వేయించాలి. దాంతో పాటు పిల్ల ఫొటో, పిల్ల సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం ఫొటో తీసి 10 నుంచి 100 కేబీ మధ్య జేపీజీగా పెట్టుకోండి. ఫైలు పెద్దదై ఎక్కకపోవడం, చివరి రోజు సైట్ మొరాయించడం మామూలే. గడువుకు వారం ముందే ముగించండి.

నింపాక ప్రింటు తీసి పిల్ల పక్కన కూర్చుని ఐదు గడులు మళ్లీ చదవండి: బాలుడా బాలికా, కేటగిరీ, గ్రామీణమా పట్టణమా, వైకల్యం, పరీక్ష భాష. గడువు ముగిశాక రెండు రోజుల పాటు దిద్దుకునే వీలిస్తే మార్చనిచ్చేది సాధారణంగా ఈ ఐదింటినే.

భాష విషయంలో తొందరపడొద్దు. పుస్తకాలు ఇంగ్లిషు, తెలుగు రెండింటిలోనూ ఉన్నాయని ‘ఇంగ్లిషు మీడియం’ టిక్కు పెట్టేస్తుంటారు. ఒక పేరా తెలుగులో, అంతే కష్టమున్న పేరా ఇంగ్లిషులో ఇచ్చి ఐదేసి ప్రశ్నలడగండి. దేనికి సరిగ్గా జవాబు చెప్పిందో అదే భాష. గణితం ప్రశ్నలు కూడా ఆ భాషలోనే వస్తాయి.

అమ్మాయిల విషయంలో అడ్డు సాధారణంగా ఇంట్లోనే వస్తుంది. హాస్టల్ అంటే భయం. మాట్లాడేటప్పుడు తల్లిని కూడా కూర్చోబెట్టండి. వీలైతే పక్క ఊరి నుంచి నవోదయలో చదువుతున్న పిల్ల తల్లితో ఫోన్లో మాట్లాడించండి. మన మాట కన్నా ఆమె మాట ఎక్కువ పని చేస్తుంది.

పరీక్షకు సిద్ధం చేయడం

రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. ఒక్కోదానికి 1.25. మేధాశక్తి 40 ప్రశ్నలు, అంకగణితం 20, భాష 20. తప్పుకు మార్కులు కోయరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు. ప్రతి విభాగంలోనూ విడిగా అర్హత రావాలి కనుక బొమ్మల్లో దంచేసి లెక్కలు వదిలేస్తే కుదరదు.

సగం మార్కులు బొమ్మలకు ఇవ్వడంలో ఉద్దేశం మంచిదే, భాష రాని పిల్లకూ అవి అందుతాయని. అయితే ఆ రకం ప్రశ్న మొదటిసారి పరీక్ష హాల్లోనే చూసే పిల్ల, ఆర్నెల్లు చూసిన పిల్ల ముందు వెనకబడుతుంది. ఈ తేడా తగ్గించడానికి డబ్బు అక్కర్లేదు. పాత నోటుబుక్కు కాగితాన్ని రెండు మడతలు పెట్టి, ఒక మూల మేకుతో చిల్లు పొడవండి. విప్పకముందే చిల్లులు ఎక్కడెక్కడ ఉంటాయో పలక మీద గీయమని, తర్వాత విప్పి పోల్చండి. అద్దంలో ప్రతిబింబం ప్రశ్నలకు బొమ్మ పక్కన చిన్న అద్దం నిలబెట్టండి. పది రోజులు చేతులతో చేశాక పుస్తకంలోని బొమ్మలు ఇస్తే అప్పుడు కళ్లతోనే పట్టుకుంటారు.

అంకగణితంలో భిన్నాలు, దశాంశాలు, క.సా.గు., గ.సా.భా., శాతాలు, చుట్టుకొలత, వైశాల్యం గట్టిగా రావాలి. భాషలో వచ్చేవి చదివి జవాబు చెప్పే పేరాలు, కాబట్టి రోజూ ఒక కొత్త పేరా చదివించండి.

ఓఎంఆర్‌ను, అంటే గుండ్రాలు దిద్ది జవాబులు గుర్తించే కాగితాన్ని, తేలిగ్గా తీసుకోవద్దు. ఐదో తరగతి పిల్లల్లో చాలామంది పెన్సిల్‌తోనే రాస్తుంటారు, ఇక్కడేమో నీలం లేదా నల్ల బాల్‌పెన్, దిద్దడం లేదు. కనీసం నెల ముందు పెన్ను ఇచ్చి, ఓఎంఆర్ జిరాక్సులు తీసి గుండ్రం నిండా దిద్దించండి. ఒక ప్రశ్న వదిలేసినప్పుడు తర్వాతి జవాబులన్నీ ఒక గడి పైకి జరిగిపోతాయి. పదేసి ప్రశ్నలకొకసారి నంబరు సరిచూసే అలవాటు చేయించండి. హాల్లో ప్రశ్నపత్రం తాను ఎంచుకున్న భాషదేనా అని చూసుకుని, కాకపోతే వెంటనే చేయెత్తి అడగమని చెప్పండి.

ఎంపికయ్యాక

పిలుపు వచ్చిందంటే అది తాత్కాలిక ఎంపికే. జనన, నివాస, కుల ధ్రువపత్రాలు, మూడు తరగతుల స్టడీ సర్టిఫికెట్లు చూశాకే చేర్చుకుంటారు. ఎవరివైనా నిలవకపోతే వెయిటింగ్ లిస్టు కదులుతుంది, కాబట్టి మొదటి జాబితాలో పేరు లేని పిల్ల కాగితాలు కూడా సిద్ధంగా ఉండాలి. చదువు, వసతి, భోజనం ఉచితం. తొమ్మిది నుంచి నెలకు 600 రూపాయల విద్యాలయ వికాస నిధి ఉంటుంది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, అమ్మాయిలకు, దివ్యాంగులకు, దారిద్య్రరేఖకు దిగువనున్న కుటుంబాలకు అదీ ఉండదు. ప్రభుత్వోద్యోగుల పిల్లలకు 1,500 దాకా. తొమ్మిదిలో కొంతమంది పిల్లల్ని ఒక ఏడాది హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపుతారని తల్లిదండ్రులకు చేర్చేనాడే చెప్పండి. అప్పటిదాకా తెలియకపోతే ఆ ఏడాది భయపడి టీసీ తీసుకునేవాళ్లుంటారు.